చేతితో త్రిప్పే చిన్న కటకం

కెమేరా లోపలి అద్దం తీసివేస్తే దాని బరువు తగ్గుతుందని అందరూ ఆశించినారు. తగ్గినది కూడాను. 2013లో సోనీ సంస్థ, పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రానికి సరిసమానమైన సెన్సరును అరచేతిలో ఇమిడే పెట్టెలో అమర్చి ఆల్ఫా 7, ఆల్ఫా 7ఆర్ అనే రెండు కెమేరాలను వెలువరించినప్పుడు, ఇక మెడనొప్పి తప్పినదని సంతోషించినవారిలో నేనూ ఒకడిని. కాని ఆ పెట్టెకు తగిలించే కటకాలు - వాడుకలో లెన్సులు అంటున్నాము - ఏటేటా లావెక్కుతూ వచ్చినవి. పూర్వం 50 మి.మీ. కటకమంటే జామకాయంత ఉండేది. ఇప్పుడు అదే 50 మి.మీ. పేరుతో ముప్పాతిక కిలోకు పైబడిన కటకాలు వచ్చినవి. పెట్టె చిన్నదై, దాని ముక్కు పెద్దదైనది.

అందుచేతనే కొండలెక్కేవారు, తీర్థయాత్రలు చేసేవారు, పిల్లలను చంకనెత్తుకొని చిత్రాలు తీయదలచేవారు మరల చిన్న కటకాలవైపు చూస్తున్నారు. ఈ చిన్న కటకాలలో చాలభాగం చేతితో త్రిప్పి ఫోకసు చేయవలసినవి. వాటిలో మోటారు ఉండదు. ఐతే కొనబోయేవారికి ఒక శంక ఉన్నది. ఆరుకోట్ల పిక్సెళ్ళ కెమేరాకు ఈ చిన్న గాజుముక్క చాలునా? ఏనుగు దాహానికి ఉగ్గుగిన్నె వంటిది కాదుగదా? ఈ శంకకే సమాధానం చెప్పాలని నా ప్రయత్నం. సమాధానం ముందే చెప్పివేస్తాను: చాలును. కాని ఏ కెమేరాకు, ఎంత వెడల్పు దృశ్యానికి, ఎవరి చేతిలో అనే మూడు ప్రశ్నలు వేసుకొన్న తరువాతనే చాలును.

మొదట, చిన్న కటకం ఎందుకు చిన్నదిగా ఉండగలుగుతున్నది? జర్మనీలో వెట్జ్‌లర్ అనే ఊళ్ళో లైట్జ్ సంస్థలో ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమేరా 1925లో అమ్మకానికి వచ్చినది. దాని తొలి సంవత్సరాలలోనే మాక్స్ బెరెక్ కూర్చిన ఎల్మార్ అనే 50 మి.మీ. కటకంలో ఉన్నవి నాలుగే గాజు బిళ్ళలు. పని ముగిసిన తరువాత దానిని కెమేరా లోపలికి నెట్టివేయవచ్చును. అప్పుడు కెమేరా కోటు జేబులో పట్టేది. అందులో అద్దం లేదు గనుక కటకం వెనుకభాగం ఫిల్ముకు ఎంత దగ్గరగానైనా పోవచ్చును. తరువాతి కాలంలో, కటకం నుండే దృశ్యాన్ని చూపే అద్దపు కెమేరాలు వ్యాపించినవి. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్‌లో కటకం తగిలించే అంచునుండి ఫిల్ము వరకు 46.5 మి.మీ. దూరం. ఆ దూరంలో అద్దం లేచి పడుతుండాలి. వెడల్పు దృశ్యాన్ని చూపే కటకాలకు ఇది పెద్ద ఇబ్బంది. 20 మి.మీ. నాభ్యంతరం గల కటకాన్ని 40 మి.మీ. దూరాన నిలబెట్టి పని చేయించాలంటే దాని ముందు పెద్ద పెద్ద గాజు బిళ్ళలు చేర్చి కాంతిని మళ్ళించవలసివచ్చినది. కటకం లావు కావడానికి అదొక కారణం. పెద్ద ద్వారం మరొకటి. మోటారు వేరొకటి.

అద్దం పోయిన నేటి కెమేరాలలో ఆ దూరం సోనీలో 18 మి.మీ., నికాన్ జెడ్‌లో 16 మి.మీ. మాత్రమే. 1954లో లైకా ఎం3తో వచ్చిన ఎం మౌంటుకు అది 27.8 మి.మీ. కనుక, సోనీ కెమేరాకు 9.8 మి.మీ. మందం గల ఒక లోహపు కడియం తగిలించినట్లయితే డెబ్బై ఏండ్లనాటి లైకా కటకం కూడ దానిమీద కూర్చుంటుంది. ఈ వార్త పొక్కగానే అటకలమీది పాత కటకాలన్నీ క్రిందికి దిగినవి. దిగిన తరువాతనే తెలిసినది, కూర్చోవడం వేరు, కుదరడం వేరు అని.

ఆ సంగతికి పోయే ముందు పిక్సెళ్ళ లెక్క చూదాము. 35.7 మి.మీ. వెడల్పు గల సెన్సరుమీద 2019నాటి సోనీ ఆల్ఫా 7ఆర్ నాలుగవ రూపం అడ్డంగా 9504 బిందువులను అమర్చినది. అనగా ఒక్కొక్క బిందువు వెడల్పు 3.76 మైక్రాన్లు, మిల్లీమీటరులో వేయింట నాలుగు వంతులకన్న తక్కువ. 240 లక్షల పిక్సెళ్ళ కెమేరాలో ఈ వెడల్పు 6 మైక్రాన్లు. ఇంత సన్నని జల్లెడలో పాత కటకాల లోపాలు పట్టుబడతాయనేది నిజమే. ఐతే దీనినుండి చాలమంది ఒక తప్పు నిర్ణయానికి వస్తున్నారు: కెమేరా మారగానే కటకం చెడిపోయినదని. కటకం ఎక్కడికీ పోలేదు. అదే కటకంతో అదే దృశ్యాన్ని రెండు కెమేరాలలోను తీసి, ఒకే కొలతలో అచ్చువేసి గోడకు తగిలిస్తే ఆరుకోట్ల పిక్సెళ్ళ చిత్రం ఎన్నడూ తీసికట్టుగా ఉండదు. కొంత మెరుగ్గానే ఉంటుంది. మనం మునుపు చేతి దూరంలో చూసినదానిని ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తున్నాము, అంతే. పెళ్ళి ఆల్బమునకు, వార్తాపత్రికకు, ఇంటి గోడకు ఇది చాలు. పెద్ద చిత్రంలోనుండి చిన్న ముక్క కత్తిరించి వాడుకొనేవారికి, శాసనాలు, తాళపత్రాలు, పటాలు చిత్రీకరించేవారికి మాత్రం ప్రతి బిందువూ అవసరమే. నీకు ఏది కావాలి అని తన్ను తాను అడగకుండా కటకం కొన్నవాడు దుకాణదారును సంతోషపెడతాడు.

ద్వారం చిన్నది చేస్తే అన్ని లోపాలూ పోతాయని పాతవారు చెప్పేవారు. ఈ మాటకు ఇప్పుడు ఒక హద్దు ఏర్పడినది. కాంతి సన్నని ద్వారం గుండా పోయేటప్పుడు అంచులవద్ద చెదరుతుంది. దీనిని వివర్తనం అంటారు. ఎంత నిర్దుష్టమైన కటకమైనా చుక్కను చుక్కగా కాక చిన్న వలయంగా చూపుతుంది. ఆకుపచ్చని కాంతికి లెక్కవేస్తే ఎఫ్ 2.8 వద్ద ఆ వలయం 3.76 మైక్రాన్లు - పైన చెప్పిన బిందువు వెడల్పు సరిగ్గా ఇదే కావడం ఒక చిత్రం. ఎఫ్ 8 వద్ద 10.7 మైక్రాన్లు, ఎఫ్ 16 వద్ద 21 దాటుతుంది. కనుక చిన్న కటకాన్ని ఎఫ్ 16కు బిగించి కొండను తీసి, "నా కటకం మందమైనది" అని విచారించే వ్యక్తి దోషాన్ని తప్పుచోట వెదకుతున్నాడు. నా అనుభవంలో దూరదృశ్యాలకు ఎఫ్ 5.6 నుండి ఎఫ్ 8 వరకు చాలును. ఈ మధ్యస్థ ద్వారాలవద్ద మంచి చిన్న కటకానికీ, దానికి మూడింతలు తూగే పెద్ద కటకానికీ గల తేడా చాల తగ్గిపోతుంది. చిత్రం మధ్యభాగంలో ఐతే కనిపెట్టడం కూడ కష్టమే.

మధ్యభాగంలో అన్నాను. మూలల సంగతి వేరు. అసలు కథ మూలలలోనే ఉన్నది.

ఫిల్ము పలుచని పొర. దానిమీద కాంతి నిటారుగా పడినా ఏటవాలుగా పడినా అది పెద్దగా పట్టించుకోదు. ఈ ధైర్యంతోనే లుడ్విగ్ బెర్టెలె వంటి మహానిపుణులు జైస్ సంస్థ కొరకు బయోగాన్ వంటి వెడల్పు కటకాలను కూర్చినారు. వాటి వెనుకబిళ్ళ దాదాపు ఫిల్మును తాకుతున్నదా అన్నంత లోపలికి పోతుంది. అందుచేతనే అవి చిన్నవి, అందుచేతనే సరళరేఖలను వంచకుండా చూపగలవు. కాని మూలలకు పోయే కాంతికిరణం మిక్కిలి ఏటవాలుగా పోవలసివస్తుంది. సెన్సరు ఫిల్మువంటిది కాదు. దానిముందు ఒక గాజుపలక ఉంటుంది. పరారుణ కాంతిని ఆపడానికీ, ధూళినుండి కాపాడడానికీ అది అవసరం. సోనీ కెమేరాలలో ఈ పలక మందం సుమారు 2 మి.మీ.; లైకా ఎం కెమేరాలలో సుమారు 0.8 మి.మీ. మాత్రమే. నికాన్ జెడ్‌లో సోనీకంటె పలుచన.

రెండు మిల్లీమీటర్ల గాజు ఏమి చేస్తుందని అడగవచ్చును. చెంబులో రూపాయి బిళ్ళ వేసి నీళ్ళు పోయండి. పైనుండి చూస్తే రూపాయి కొంచెం పైకి తేలినట్లు కనబడుతుంది. తలను ప్రక్కకు వంచి ఏటవాలుగా చూస్తే మరింత పైకి తేలినట్లు ఉంటుంది. నీటిలో జరిగినదే గాజులోను జరుగుతుంది. నిటారుగా వచ్చే కిరణాలు కలిసే చోటును 2 మి.మీ. గాజు సుమారు మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు వెనుకకు నెట్టుతుంది. ఇది అన్నింటికీ ఒకేవిధంగా జరిగితే బాధ లేదు, ఫోకసు ఉంగరాన్ని ఒక్క పిసరు త్రిప్పితే సరిపోతుంది. కాని ఏటవాలు కిరణాలను ఎక్కువగా నెట్టుతుంది. అందువల్ల మధ్యభాగం స్పష్టంగా ఉన్నప్పుడు మూలలు మసకబారి, చెట్ల ఆకులు తడిచేత్తో తుడిచిన రంగువలె అలుముకొనిపోతాయి. ఇది కటకం దోషం కాదు, సెన్సరు దోషమూ కాదు. పరస్పరం ఎరుగని ఇద్దరికి పెళ్ళి చేసినవారి దోషం.

తొలి ఆల్ఫా 7ఆర్‌లో ఇది చాలదన్నట్లు మూలలలో ఊదారంగు నీడ కూడ కనబడేది. 2015లో వచ్చిన రెండవ రూపంలో సెన్సరు వెనుకవైపునుండి కాంతిని గ్రహించే పద్ధతి ప్రవేశపెట్టినందున ఆ రంగు చాలవరకు తొలగినది. అలుముకొనడం మాత్రం తొలగలేదు, ఎందుకనగా గాజు అక్కడే ఉన్నది.

దీనికి చక్కని నిదర్శనం ఒకటి చెప్పవచ్చును. 1756లో వియన్నాలో పుట్టిన ఫోక్ట్‌లాండర్ అనే పాత పేరును జపానులో నాగానో ప్రాంతపు కోసీనా సంస్థ 1999నుండి వాడుకొంటున్నది. ఆ సంవత్సరమే అది 15 మి.మీ. ఎఫ్ 4.5 హీలియార్ అనే కటకాన్ని ఫిల్ము కెమేరాలకు వెలువరించినది. బరువు సుమారు 105 గ్రాములు. ఒక పెద్ద నిమ్మకాయ తూగుతుంది అంత. ప్రపంచమంతా దానిని చూసి ఆశ్చర్యపడినది. డిజిటల్ కెమేరాలు వచ్చినవి. మూలలలో రంగు, మసక. 2015లో అదే సంస్థ అదే పేరుతో మూడవ రూపాన్ని, సెన్సరుమీద కాంతి మరింత నిటారుగా పడేటట్లు లోపల పూర్తిగా మార్చి, వెలువరించినది. బరువు 247 గ్రాములు. రెట్టింపుకన్న ఎక్కువ! తూనికలో పెరిగిన ఆ 142 గ్రాములూ మూలలను సరిచేయడానికి చెల్లించిన మూల్యం. అలాగని అది పెద్ద కటకం కాలేదు. నేటికీ జేబులో పడుతుంది. చిన్నదనానికి ఒక అడుగు హద్దు ఉన్నదనీ, ఆ హద్దు సెన్సరు నిర్ణయిస్తుందనీ ఈ మూడు రూపాల చరిత్ర తెలుపుతున్నది.

దీనినుండి కొనేవారికి ఉపయోగపడే మాట ఏమనగా: 50 మి.మీ., అంతకు పైబడిన పాత కటకాలలో చాలభాగాన్ని కడియంతో నిర్భయంగా ఏ కెమేరాకైనా తగిలించవచ్చును. 35 మి.మీ. దగ్గర జాగ్రత్త పడవలెను. 28, అంతకు తక్కువైతే, ఏ మౌంటు కెమేరా ఉన్నదో ఆ మౌంటు కొరకే, ఆ గాజుపలకను లెక్కలో పెట్టుకొని చేసినదే కొనవలెను. లేదా లైకా ఎం11 వంటి పలుచని గాజు గల కెమేరా ఉండవలెను. 2022లో వచ్చిన ఆ కెమేరాలోను ఆరుకోట్ల పిక్సెళ్ళు ఉన్నవి. దాని ధర వింటే ఐతే చాలమంది మొదటి మార్గమే మేలంటారు. అద్దపు కెమేరాలకు చేసిన పాత వెడల్పు కటకాల వెనుకభాగం సెన్సరుకు దూరంగా ఉంటుంది గనుక వాటికి ఈ చిక్కు తక్కువ. కాని పొడవాటి కడియం చేర్చిన తరువాత అవి చిన్నవని ఎవరూ అనరు.

ఇట్లు సోనీ కొరకే చేసినవాటిలో 2014లో జైస్ సంస్థ వెలువరించిన లోక్సియా కటకాలు మొదట చెప్పదగినవి. 50 మి.మీ. ఎఫ్ 2 ప్లానార్ 320 గ్రాములు, 35 మి.మీ. ఎఫ్ 2 బయోగాన్ 340 గ్రాములు. మోటారు లేకపోయినా వీటిలో విద్యుత్ స్పర్శలు ఉన్నవి. ఉంగరాన్ని త్రిప్పడం మొదలుపెట్టగానే కెమేరా తనంతట తానే దృశ్యాన్ని పెద్దదిచేసి చూపుతుంది. వినడానికి చిన్న సౌకర్యమే; పది దినాలు వాడిన తరువాత ఇది లేని కటకం చేతికి ఎక్కదు. 2019లో ఫోక్ట్‌లాండర్ పేరుతో వచ్చిన 50 మి.మీ. ఎఫ్ 2 అపో-లాంతార్ 364 గ్రాములు. దీని ప్రత్యేకత పేరులోని "అపో" అనే మాటలో ఉన్నది: వేరువేరు రంగుల కాంతిని దాదాపు ఒకేచోట కలుపుతుందని అర్థం. మధ్యాహ్నపు ఎండలో కొబ్బరాకుల సందులనుండి ఆకాశాన్ని తీసిచూడండి. సాధారణ కటకంలో ఆకుల అంచున ఊదారంగు దారం ఒకటి కనబడుతుంది. 240 లక్షల పిక్సెళ్ళలో కనీకనబడని ఆ దారం ఆరుకోట్లలో తాడువలె ఉంటుంది. ఈ కటకంలో అది వెదకినా దొరకడం కష్టం. దీనినే తరువాత ఎం మౌంటుకు 288 గ్రాములలో చేసినారు. కాని ఎం రూపం 70 సెంటీమీటర్లకంటె దగ్గరకు రాదు. సోనీ రూపం 45 సెంటీమీటర్ల వరకు వస్తుంది. పువ్వులు, పుస్తకాలు, పిల్లల చేతులు తీసేవారికి ఈ పాతిక సెంటీమీటర్లు 76 గ్రాములకంటె విలువైనవి.

ఎఫ్ 1.4, ఎఫ్ 1.2 ద్వారాల మోజు గురించి నా అభిప్రాయం దాచుకోను. చిన్నదనం, పెద్ద ద్వారం, మూలల స్పష్టత - ఈ మూడింటిలో రెండు దొరకుతాయి. మూడూ దొరకవు. చిన్న కటకమే కావాలనుకొన్నవారు ఎఫ్ 2తోనో, ఎఫ్ 2.8తోనో తృప్తిపడడం ఉత్తమం. జైస్ ఎం మౌంటు 35 మి.మీ. ఎఫ్ 2.8 సి బయోగాన్ 200 గ్రాములు తూగుతుంది. లైకామీద అది చేసే పనికి నేను నమస్కరించినాను. సోనీమీద అదే కటకం మూలలు చూసి నిట్టూర్చినాను. ఒకే కటకం, ఇద్దరు యజమానులు.

ఇక మూడవ ప్రశ్న, ఎవరి చేతిలో అన్నది. ఇక్కడ నా స్వంత సంగతి ఒకటి చెప్పక తప్పదు.

మా నాన్నగారు వాడిన 50 మి.మీ. కటకం ఒకటి ఆయన తదనంతరం నా చేతికి వచ్చినది. దానిని కడియంతో క్రొత్త కెమేరాకు తగిలించి, సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు, మా అమ్మను వసారాలో కూర్చుండబెట్టి చిత్రం తీసినాను. అప్పటికి ఆమెకు 83 ఏండ్లు. ఫోటో అంటే ముఖం తిప్పుకొనే మనిషి ఆనాడు ఏ కళనున్నదో, "తియ్యరా, మీ నాన్న కెమేరాయేగా" అని నావైపే చూస్తూ కూర్చున్నది. నేను ద్వారాన్ని పూర్తిగా తెరచి, దృశ్యాన్ని పెద్దదిచేసి, ఆమె కనురెప్పల వెంట్రుకలమీద ఫోకసు సరిపెట్టి, తరువాత స్పష్టత లోతు పెరగాలనే సదుద్దేశంతో ద్వారాన్ని ఎఫ్ 4కు తగ్గించి మీట నొక్కినాను. నాలుగు చిత్రాలు తీసినాను. రాత్రి పెద్ద తెరమీద చూస్తే నాలుగింటిలోను ఆమె కణతమీది నెరసిన వెంట్రుకలు ఒక్కొక్కటే లెక్కపెట్టవచ్చును. కళ్ళు మాత్రం పలుచని పొగచాటున ఉన్నట్లున్నవి. మరునాడు ప్రయాణం. వేసవిలో మళ్ళీ తీద్దామనుకొన్నాను. ఆ వేసవి ఆమె చూడలేదు.

తప్పు ఎక్కడ జరిగినదో తెలుసుకొనడానికి తరువాత ఒక ఆదివారం పూర్తిగా వెచ్చించినాను. పాత పెద్ద ద్వారపు కటకాలలో అంచులగుండా వచ్చే కిరణాలు, నడిమిగుండా వచ్చే కిరణాలు ఒకేచోట కలియవు. గోళీయ విపథనం అని భౌతికశాస్త్ర పుస్తకాలలో చదువుకొన్నదే. ద్వారం తెరచినప్పుడు అంచుకిరణాల పెత్తనం ఎక్కువ. ద్వారం తగ్గించగానే అవి ఆగిపోయి, మిగిలిన నడిమి కిరణాలు మరొకచోట కలుస్తాయి. ఫలితంగా ఫోకసు తెలియకుండానే వెనుకకు జరుగుతుంది. కంటిమీద పెట్టినది కణతమీదికి పోయినది. ఫిల్ముమీద ఇంత సన్నని తేడా ఎవరికీ పట్టేది కాదు. నాన్నగారు ఆ కటకంతో ముప్పై ఏండ్లు చిత్రాలు తీసినారు. ఒక్కనాడూ దానిని తప్పుపట్టలేదు.

కనుక చేతితో త్రిప్పే కటకం కొన్నవారికి నా మొదటి మనవి: ఏ ద్వారంతో చిత్రం తీయదలచినారో అదే ద్వారంవద్ద ఫోకసు చేయండి. క్రొత్త కటకాలలో ఈ జరుగుడు చాల తక్కువ, కొన్నింటిలో లేదనే చెప్పవచ్చును. ఐనా ఇంటికి తెచ్చిన మొదటి సాయంకాలమే బల్లమీద ఒక గజం బద్దను ఏటవాలుగా పరచి, వరుసగా ఎఫ్ 2, 2.8, 4, 5.6లలో తీసి చూసుకొనడం మేలు. అంచులను ఎర్రని గీతలతో చూపే ఏర్పాటు కెమేరాలలో ఉన్నది. తొందరలో పనికివస్తుంది గాని ఆరుకోట్ల పిక్సెళ్ళకు చాలదు. దృశ్యాన్ని పెద్దదిచేసి చూడడమే నమ్మదగిన పద్ధతి. అందులోను కాస్త ఓపిక కావలెను. ఆడుకొంటున్న పిల్లల విషయంలో ఆ ఓపిక నిష్ఫలం. అటువంటివారు మోటారు ఉన్న కటకమే కొనండి, చిన్నబుచ్చుకొనవలసినది లేదు.

కటకం మీద చెక్కిన స్పష్టత లోతు గీతలను కూడ నమ్మరాదు. అవి ఫిల్ముకాలపు లెక్కతో, మిల్లీమీటరులో ముప్పయ్యవ వంతు మసకను స్పష్టతగానే భావించి గీసినవి. ఆ లెక్క ప్రకారం 50 మి.మీ. కటకం ఎఫ్ 2 వద్ద, 2 మీటర్ల దూరాన సుమారు 20 సెంటీమీటర్ల లోతును స్పష్టంగా చూపవలెను. సెన్సరు బిందువులు రెండింటి వెడల్పును ప్రమాణంగా తీసుకొంటే అది 5 సెంటీమీటర్లకు కుదించుకొనిపోతుంది. అంత చోటులో ముక్కు, కన్ను రెండూ పడితే అదృష్టమే. అనంతదూరపు గుర్తు సంగతీ ఇంతే. కడియాలను సాధారణంగా వెంట్రుకవాసి పలుచగా చేస్తారు, అనంతం అందకపోతే కొన్నవాడు ఊరుకోడు గనుక. కనుక ఉంగరం చివరకు త్రిప్పి కొండను తీస్తే, కొండకు ఆవల ఫోకసు పడుతుంది.

మరచిపోయే మరొక చిన్న విషయం. చేయి వణకును సరిదిద్దే ఏర్పాటు ఇప్పుడు కెమేరా పెట్టెలోనే ఉంటున్నది. విద్యుత్ స్పర్శలు లేని కటకం తగిలిస్తే దాని నాభ్యంతరం ఎంతో కెమేరాకు తెలియదు. మనమే ఆ సంఖ్యను ఎక్కించవలెను. 21 తీసి 50 తగిలించి, సంఖ్య మార్చడం మరచినవారు కటకాన్నే నిందించడం నేను చూసినాను.

పాత కటకం కొనేటప్పుడు పగటి వెలుగులో కాక, చీకటి గదిలో చేతిదీపం వెనుకనుండి వేసి చూడండి. సాలెగూటివంటి తీగలు కనిపిస్తే అది బూజు. మన కోస్తా జిల్లాల ఉక్కలో, తోలు సంచులలో దాచిన కటకాలకు ఇది ప్రధానశత్రువు. గాజుమీది పూతను తినివేసిన తరువాత తుడిచినా మచ్చ పోదు. క్రొత్తదైనా పాతదైనా బిళ్ళలు ఒకవైపు ఒరిగినవేమో చూడవలెను. దూరాన ఉన్న సెల్లు గోపురాన్ని ఎంచుకొని, ద్వారం తెరచి, దానిని చట్రంలో నాలుగు మూలలకూ వరుసగా తెచ్చి నాలుగు చిత్రాలు తీయండి. నాలుగూ ఒకేవిధంగా మసకగా ఉంటే అది కటకం స్వభావం. మూడు బాగుండి ఒకటి మాత్రమే చెడితే ఆ కటకాన్ని తిరిగి ఇచ్చివేయండి. ఎంత పేరుగల కటకమైనా సరే. ఇటుకగోడ ముందు నిలబడి చేసే పరీక్షలో ఎక్కువభాగం మన నిలుపులోని వంకరే బయటపడుతుంది.

ఏ సంఖ్యలు కొనవలెనని అడిగితే, రెండు చాలునంటాను: 35, 50లలో ఒకటి, 21కి అటుయిటుగా ఒకటి. రెండూ కెమేరా మౌంటు కొరకే చేసినవైతే మంచిది. మూడవదానికి డబ్బు కూడిన నాటికి మీకు ఏది కావాలో మీకే తెలుస్తుంది.

నాన్నగారి కటకాన్ని నేను అమ్మలేదు. గాలి చొరని డబ్బాలో, తేమను పీల్చే సిలికా పలుకుల సంచి ప్రక్కన ఉంచినాను. ఎఫ్ 5.6 వద్ద అది నేటికీ చక్కగా పనిచేస్తున్నది. ద్వారం మార్చిన ప్రతిసారీ ఫోకసు మళ్ళీ చూసుకొంటాను. సిలికా పలుకులు నీలం వదలి గులాబిరంగుకు తిరిగినప్పుడు వాటిని తీసి, మందపాటి మూకుడులో సన్నని సెగమీద, నీలం తిరిగి వచ్చేవరకు వేడిచేసి, పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పెట్టవలెను. ఆ మూకుడును మళ్ళీ వంటకు వాడకండి.